ఆవిరి పలక

మాల్మోలో జనవరి. నాలుగు కాకముందే దీపాలు.
ఆరో అంతస్తులో, రేడియేటరు పక్కన
ఐదేళ్ళ లమీస్ ఒంటెను నడిపిస్తోంది.

సరిగ్గా పలికితే ఒంటె అడుగు వేస్తుంది,
తప్పితే కూలబడి నెమరేస్తుంది.
బావికి ఇరవై ఎనిమిది అక్షరాల దూరం.
ఐదు నడిచి, ఆరోదాని ముందు
మూడు రోజులుగా కూచునే ఉంది పాపం.

ఈ పలకకి బలపం అక్కర్లేదు, ఉమ్మితో చెరపక్కర్లేదు.
అన్న వాడి వదిలేసింది. గాజు పగిలి
ఆ బీట సరిగ్గా నూన్ గిన్నెలోంచి పోతుంది.
అక్షరమే అంతనుకుని
లమీస్ కాగితం మీద బీటతో సహా రాస్తుంది.
బడిలో ఎడమనుంచి కుడికి నడవడం నేర్చిన వేలు
ఇక్కడ ప్రతిసారీ ఎదురెళ్ళి గుద్దుకుంటుంది.

"హ" అంటుంది పిల్ల.
కాదంటుంది ఒంటె.
"ఖ."
ఒంటె కళ్ళు మూసుకుంటుంది.
గొంతు అడుగునుంచి ఒరుసుకుంటూ రావాలది.
మనకున్న ఒక్క హ చాలదు దానికి,
స్వీడిష్ వాళ్ళదీ చాలదు.

వంటింట్లో సుహామ్ బీబీ బెండకాయలు తరుగుతోంది.
మోసుల్‌లో పందొమ్మిదేళ్ళు ఒకటో తరగతికి చెప్పిన మనిషి.
"పిల్లని ఒంటెకి అప్పజెప్పారు" అని
రోజుకోసారి కోడలి మీద విసుగు.

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏమీ అనలేదు.
కళ్ళజోడు తీసి, తుడవబోయేముందు
దానిమీద ఊదింది,
నోరంతా తెరిచి, వెచ్చగా, లోలోపల్నుంచి.

పిల్ల తలెత్తింది.
"ఇంకోసారి, బీబీ."

కిటికీకి అటు మంచు. ఇటు రెండు నోళ్ళు.
అదే హ, మళ్ళీ అదే హ,
అద్దం మీద చేటంత ఆవిరి.
అందులో బీబీ వేలు
పైన చిన్న అడ్డగీత, కింద కుండపొట్ట గీసింది.
"లోపల చుక్క పెడితే జీమ్. నెత్తిన పెడితే ఖా.
ఏమీ పెట్టకపోతే ఊపిరి."
పొట్ట చివరనుంచి ఒక నీటిబొట్టు
దారి వెతుక్కుంటూ కిందికి పోయింది.

లమీస్ పరుగున వచ్చి పలక ముందు నోరు తెరిచింది.
ఒంటె లేచింది!
"అహ్సంత" అంది లోపలి గొంతు, భేష్ అని.
ఆ మాట నడుమా అదే హ ఉందని
పిల్ల ఇప్పుడు వింది.

బీబీ మాత్రం పలకకేసి వేలు చూపించి
"ఆడపిల్లతో అహ్సంతీ అనాలి" అంది,
వెనక బెంచీని మందలించినట్టు.