పోగు తెగిన చోట

శ్రీకాకుళం కోచింగులో ఇచ్చిన జిరాక్సు కట్ట.
మూడు వేల మాటలు, తొంభై రోజులు.
రోజుకి ముప్పై మూడు, పైన చిల్లర.

పొందూరులో రాత్రిళ్లు
నాచేత అప్పజెప్పించుకునేది అమ్మే.
అమ్మకి ఇంగ్లీషు రాదు,
తెలుగు కూడబలుక్కుంటుంది.
ఎడమ పక్క ఆ మాట, కుడి పక్క అర్థం
నేను రాసుకున్న నోటుబుక్కు
మోకాలి పక్కన తెరిచి పెట్టి
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ
"ఒంట్లో ఉషారు లేకపోవుట, దానికేటి?" అంటుంది.
"లెథార్జిక్" అంటాను.
తప్పో ఒప్పో ఆమెకి తెలీదు.
నా గొంతు జంకితే మాత్రం తెలుస్తుంది.
"పోగు తెగింది. అతుకు."

పేజీల నిండా దూది నూగు.
'అబ్‌స్ట్రూజ్' మీద
పత్తిగింజ పెచ్చు ఒకటి అంటుకుపోయింది,
ఎంత గీకినా రాలేదు.

"యుబిక్విటస్. ఎక్కడ చూసినా ఉండేది."
"దోమలా?"
"దేవుడు కూడానే అమ్మా."
కాసేపు ఆలోచించింది.
"దోమలే."

ఒక్క మాట మాత్రం
అడిగి మరీ నాలుగుసార్లు చెప్పించుకుంది.
రేపు రేపని వాయిదా వేయుట.
ఏకులోంచి నూలు తీసినట్టు
పెదాల మీద సాగదీసి, సన్నం చేసి,
ఎక్కడో లోపల చుట్టి పెట్టుకుంది.

సోమవారం, సంఘం ఆఫీసు.
చిలపలు తూచి, చీటీ రాసి,
కళ్లద్దాలు తుడుచుకుంటూ
గుమస్తా జోగారావు "డబ్బులు పై వారం" అన్నాడు.
అది మూడో పై వారం.
అమ్మ ఖాళీ సంచీ నిదానంగా మడిచింది.
"ఏటి బాబూ, పొక్రాస్టినేటు సేస్తన్నావా?"

ఫ్యానొక్కటే తిరిగింది.
"ఏటందే?" వెనక లైనులో నీలమ్మ.
"ఏటో సెట్టం పేరు నాగుంది."
జోగారావు సొరుగు తీశాడు, మూశాడు,
మళ్లీ తీసి
సగం ఇచ్చాడు.

దారిలో "ప్రొ అనాలమ్మా" అని చెప్పబోయి
ఊరుకున్నాను.

పరీక్షలో ఆ మాట రాలేదు.
అబ్‌స్ట్రూజ్ వచ్చింది.
కంప్యూటరు తెర నున్నగానే ఉంది గానీ
నా వేలికి పెచ్చు గరుగ్గా తగిలింది.

ఇప్పుడు విజయనగరం హాస్టల్లో ఉన్నాను.
నిన్న రాత్రి ఫోన్లో
తిన్నావా అని అడక్కముందే అమ్మ:
"ఆ మిగతా సగం ఇంకా ఇయ్యలేదే గుంటా.
దానికన్నా పెద్దమాట
ఏదైనా ఉంటే సెప్పు."