కంకరగుట్ట నూనెబావి

రెండు వందల అడుగుల దాకా ఉత్త రాతిపిండి.
గేదెలు, గోడలు, మా కనురెప్పలు
అన్నీ ఒకే రంగయ్యాయి.
తిరుచెంగోడు లారీ మీది పిల్లగాడికి తెలుగు రాదు,
పైపు దిగినప్పుడల్లా వేలు మడిచి చూపేవాడు.
ఇంటికి నూట పదిహేను చందా.
షంషాద్ బీ కోళ్ళమ్మి ఇచ్చింది.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి జాగా చూపిన సాంబడు
మధ్యాహ్నానికే మాయమయ్యాడు.

రెండు వందల పద్దెనిమిది దగ్గర తడి తగిలింది.
ఎనభై ఆరు, మే నెల, మూడు గంటల ఎండ.
మొదటి బిందె మా మేనత్త బాలనర్సమ్మది.
మూతి దాకా తెచ్చి ఆగింది.
"ఇదేంది, గాసునూనె వాసనొస్తుంది?"

తెల్లారేసరికి బిందె మీద
పావురం మెడ రంగులు తేలాయి.
స్టౌలు బాగుచేసే గనీ చాచా
తేలినదాంట్లో గుడ్డపీలిక అద్ది, అగ్గిపుల్ల గీశాడు.
అంటుకుంది.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

బొంబాయి సముద్రంలో ఉన్నది
మన గుట్ట కింద ఉండొద్దా అన్నారు.
కిరాయిలు పది రూపాయలు పెరిగాయి.
రేకు మీద ఎర్ర ఎనామిల్‌తో బోర్డు వెలిసింది:
కంకరగుట్ట ఆయిల్ సంఘం.
సంఘానికి ప్రెసిడెంటు దొరికాడు, నీళ్ళు దొరకలేదు.
దూపైతే మళ్ళీ రైల్వే క్వార్టర్ల నల్లా దాకా నడక.
నూనెబావి ఉన్నవాళ్ళం కదా,
కొంచెం నిటారుగా నడిచాం.

మేనత్త మాత్రం రేషన్ నోటుబుక్కు వెనక రాసేది.
పాతచీర పరిచి, అద్ది, పిండి,
పదకొండు వారాల్లో తొమ్మిది సీసాలు.
ఆ బుడ్డి దీపం కింద నేను ఎక్కాలు చదివాను.
పన్నెండో ఎక్కం దగ్గర పొగకి దగ్గొచ్చేది.
ఇప్పటికీ పన్నెండు ఏళ్ళు అంటే
ఎనభై నాలుగు కంటే ముందు గొంతు గరగరలాడుతుంది.

ఉప్పల్ నుంచి రాళ్ళ సారు వచ్చాడు.
సుత్తితో గుట్టని తట్టి, ముక్క చేతిలోకి తీసుకున్నాడు.
"ఇది రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ రాయి.
అప్పటికి చేప లేదు, చెట్టు లేదు.
ఏదో ఒకటి బతికి చావాలమ్మా, నూనె కావాలంటే.
ఇందులో ఎవరూ చావలేదు."
అని తల తిప్పి ఎగువకి చూశాడు.
ఎగువన పెట్రోలు బంకు.
దాని కింద, ఎన్నేళ్ళుగానో తుప్పు తింటున్న డీజిలు ట్యాంకు.

బంకు సేటు స్కూటరు దిగకుండానే అడిగాడు,
"నా సరుకు ఎంత తీశారు?"
మేనత్త నోటుబుక్కు తెరిచింది.
"తొమ్మిది సీసాలు. తారీకులతో ఉంది.
మా నీళ్ళు ఎన్ని పాడుచేసినవో
నీ బుక్కు తియ్యి."

సేటు నలభై రోజులు ట్యాంకరు పంపాడు.
నలభై ఒకటో రోజు పంపలేదు.
బోరు మూతికి రాయి కొట్టారు.
బోర్డు గనీ చాచా మేకలకి తలుపయింది.

ఇప్పుడక్కడ అపార్టుమెంటు, దానికి ఏదో పూలపేరు.
ఆటోవాళ్ళ నోటికి ఆ పేరు పట్టదు.
నూనెబావి, నూనెబావి అని అరుస్తారు,
ఎనిమిదిమంది దిగుతారు,
బావి ఏదని ఒక్కరూ అడగరు.
అడిగితే చెబుదామని
నేను డ్రైవరు పక్కనే కూర్చుంటాను.