తోక ఉన్న ఎలుక

సాల్ట్ రివర్ మెయిన్ రోడ్డులో నా కొట్టు.
ఆగ్నేయం గాలి ఊపేసే రోజుల్లో
షట్టరు సగం దించుకుని కూర్చుంటాను.
ఆ సగంలోంచి వంగి లోపలికొచ్చింది,
జుట్టునిండా దుమ్ము, చేతిలో మడత కాగితం.
"కంప్యూటరుకి మౌస్ కావాలి."

అలవాటు చొప్పున రెండు పెట్టాను గాజుబల్ల మీద.
ఇదిగో, గోరంత డాంగిల్,
గుచ్చి వదిలితే పరిగెడుతుంది.
ఇది బ్లూటూత్, గుచ్చే పని కూడా లేదు,
ఒక్కసారి పరిచయం చేయండి,
ఇల్లు తనే గుర్తుపెట్టుకుంటుంది.

రెంటినీ తిప్పి పొట్టలు చూసింది.
"తోక ఉన్నది లేదా?"

ఇరవై రెండేళ్ళుగా తోకలు కోసే వ్యాపారం నాది.
ఫోన్ల తోకలు, స్పీకర్ల తోకలు, కీబోర్డుల తోకలు.
తీగ కనిపిస్తే చాలు జనం
అప్పు అడిగే చుట్టాన్ని చూసినట్టు మొహం తిప్పుకుంటారు.
తోకదాన్ని ఇప్పుడు పిల్లి కూడా ముట్టదమ్మా అన్నాను.

నవ్వలేదు.
పేరు కత్రీనా బ్యూకెస్. ఊరు కారూ ఎడారి లోపలెక్కడో,
గొర్రెల కంటే మనుషులు తక్కువ,
మనుషుల కంటే మాటలు తక్కువ.
వాళ్ళ నాన్న ఉన్ని కత్తిరించిన నేలలోనే
పెద్ద పెద్ద పళ్ళేలు నిలబెట్టారట,
వడ్డించుకోడానికి కాదు, వినడానికి.
ఆమె అక్కడ స్టోరురూములో
బోల్టుల లెక్క రాస్తుంది.

"పైనుంచి వచ్చేది గుసగుస కూడా కాదన్నా,
గుసగుసకి ముందు పీల్చే ఊపిరి.
భూమి పుట్టక ముందు బయల్దేరి
ఇంతకాలం నడిచి గడప తొక్కే వేళకి
నీ ఎలుక కిచమన్నదనుకో..."
పోయినేడు ఎవరో కుర్రాడు
లాప్‌టాప్‌కి డాంగిల్ తీయడం మరిచాడట.
రెండు రాత్రుల ఆకాశం
చెత్తబుట్టలో పోశారట.

మరి ఫోను?
"గేటు దగ్గర."
చేతి గడియారం?
"ముల్లుదైతే ఫరవాలేదు."
అని, నా చెవి వైపు చూసింది.
వినికిడి మిషను. ఫోనుతో జతకట్టేది.
మా అమ్మాయి షమీలా కొనిచ్చింది.
"అది కూడా," అంది, తప్పు తనదైనట్టు.

అంటే, అందరికంటే పెద్ద చెవులున్న చోటికి
నేను చెవుడుతోనే వెళ్ళాలి.

నిచ్చెన వేశాను.
పై అరలో, ఫాక్సు కాగితం చుట్టల వెనకాల
మూడున్నాయి, కట్టు విప్పనివి.
తీగ చుట్టి చుట్టి ముడత పడిపోయింది,
సాగదీసినా మళ్ళీ ముడుచుకుంటోంది.
గుచ్చి చూశాను, పొట్టలో ఎర్రదీపం వెలిగింది.
నిద్ర లేపినందుకు ఏమీ అనలేదు.

ఆమె తీగని మోచేతికి చుట్టి మూరలేసింది,
బట్టల ఫ్యాక్టరీలో మా అమ్మ రిబ్బను కొలిచినట్టు.
"నాలుగు. బల్ల కిందనుంచి రావాలి, సరిపోతుంది."
మూడూ తీసుకుంది.
ఒకటి చెడితే మళ్ళీ తొమ్మిది గంటల దారి.
దుమ్ము ధరకే ఇచ్చాను.
రసీదు కావాలంది, ఆఫీసుకి.

ఆమె వెళ్ళాక కొట్టంతా గోల.
అరల్లో ఉన్నవన్నీ,
అమ్ముడుపోనివీ రిపేరుకొచ్చినవీ,
నేనున్నా, నేనున్నా, ఎవరైనా జతకడతారా
అని నా తలమీదుగా అరుచుకుంటున్నాయి.
ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నానో ఇందులో.
చెవిలోది తీసి సొరుగులో పెట్టాను.
గాలి షట్టరుని కొడుతున్నట్టు
అరచేతికి తెలుస్తోంది, అంతే.
చాలాసేపు అలాగే ఉన్నాను.
గిరాకీ వచ్చి పోయారేమో కూడా.

మర్నాడు తోక ఉన్నవి ఆరు తెప్పించాను.
నాలుగు నెలలైంది, ఒక్కటీ కదల్లేదు.
ఎవరి కోసం నాన్నా ఇవి అని
షమీలా రోజూ తిడుతుంది.
బాగానే వినబడుతోంది.