కంచు రేకులు

పెదనాన్న దగ్గర రెండు కంచు రేకులుండేవి.
పాతికేళ్ళు దనూబు గట్టున కాపలా కాసినందుకు
రోము ఇచ్చిన కూలి.
తీగ బిగించి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసి,
మనిషినే మడిచి ఇచ్చినట్టు ఇచ్చారు.

మా నాన్నకి అలాంటివేమీ లేవు.
పెరింథస్ రేవులో చేపలు ఊరేసే ఉప్పు తొట్లు,
మోచేతుల దాకా పగుళ్ళు.

ఇద్దరూ ఒక్క రాత్రే నీళ్ళలో మునిగి లేచారు.
ఒకే రొట్టె విరుచుకున్నారు.
తెల్లారగట్ట తలుపు పగిలినప్పుడు
ఒకే తాడుకి ఇద్దర్నీ కట్టారు.

అంగడి నడుమ, న్యాయాధికారి గద్దె ముందు
బెత్తాల కట్ట విప్పుతుంటే
పెదనాన్న నోట్లోంచి రెండే మాటలు జారాయి:
"రోమీయుణ్ణి నేను."

ఎంత మెత్తగా విప్పారో ఆ ముడి!
భటుడు రెండడుగులు వెనక్కి వేశాడు.
రాతగాడు మైనపు పలక మీద ఏదో చెరిపాడు.
"నీ విచారణ తర్వాత, వెళ్ళు" అన్నారు.
ఎవరో మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

మిగిలిన తాడు మొత్తం నాన్నకే చుట్టారు.

నేను లెక్కపెట్టలేదు. అమ్మ లెక్కపెట్టింది.
ఎన్నో, చచ్చేదాకా చెప్పలేదు.

పొద్దుగూకే వేళ నాన్నని వీపున వేసుకుని
కొండ మెట్లెక్కాడు పెదనాన్న.
భుజాల మీంచి కారిన నెత్తురు
ఆయన అంగీ అంతా పాకింది.
ఎదురొచ్చినవాళ్ళకి
దెబ్బలెవరికి తగిలాయో తెలియలేదు.

గుమ్మంలో కూలబడి ఏడ్చాడాయన.
"నువ్వూ అనాల్సిందిరా తార్సా, అబద్ధమైనా."
"ఆ అబద్ధానికి గొడ్డలి కదన్నా,"
బోర్లా పడుకునే నవ్వాడు నాన్న.
"అయినా ఇద్దరం పడుంటే
నన్నెవడు మోసుకొచ్చేవాడు?"

రెండు నెలలు నాన్న ఉప్పు జోలికి పోలేదు.
ఆయన బదులు పెదనాన్న వెళ్ళాడు,
ఈటె తప్ప ఏదీ పట్టని చేతులతో.
ఒకరోజు తొట్టి కడుగుతుంటే
అడుగున ఆ రేకులు దొరికాయి.
జారాయో, జారవిడిచాడో.
నేనడగలేదు.

ఇప్పుడవి నా దగ్గరున్నాయి, పచ్చగా చిలుమెక్కి.
నాకు చదువు రాదు.
ఒక్క చోటు మాత్రం ఓ ముసలి రాతగాడు
నా వేలు పట్టి చూపించాడు:
"బీథుస్ కొడుకు ముకపోరు."

బీథుస్ మా తాత.
ఆయనకి కొడుకులిద్దరు.
రేకుకి ఒక్కడే తెలుసు.

తక్కినదంతా ఎలా పోతే అలా పోనీ అని వదిలేశాను.
తాత పేరున్న చోట మాత్రం
పులిసిన ద్రాక్షరసం వేసి
తోముతుంటాను.