పది నిమిషాల పెట్టె

మూడొందల పద్దెనిమిదో పేరు దగ్గర
కరెంటు పోయింది.
చంపావతి అవతల ఒక్క ఉరుము, అంతే.
తెర మీద వరసలన్నీ
పలక మీద తడిగుడ్డ వేసినట్టు.

మిల్లోళ్ల జాబితా అది.
పేరు, టికెట్ నంబరు, చేరిన సంవత్సరం,
రావాల్సిన గ్రాట్యుటీ.
రెండ్రోజులు కొట్టాను, మధ్యలో గంజి వార్చుకుంటూ.
"మద్దెమద్దెలో దాసుకోవాల కాదేటి?"
అన్నాడు సన్యాసిరావు,
జీతం రాళ్లు ఏ నెలా దాచని మనిషి.
నేనేమీ అనలేదు.

మర్నాడు నెల్లిమర్లలో ఆటో ఎక్కి
విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర దిగి,
పక్కసందులో తవిటినాయుడి కొట్టుకి.
లాంతర్ల ఊరికి వెలుగు కొనుక్కోడానికి వచ్చానని
నవ్వొచ్చింది గానీ
చేతిసంచిలో ఉన్నవి రెండువేల ఎనిమిదొందలే.

"ఇంట్లో ఇన్వర్టరు ఉందన్నారు కదమ్మా?"
ఉంది బావూ, ఫ్యానుకీ దీపానికీ.
అది మేలుకునేలోపు, రెప్పపాటే,
కంప్యూటరు పోతుంది.
దీపం మళ్లీ వెలుగుతుంది.
కంప్యూటరు మళ్లీ పుడుతుంది,
వెనకటి జన్మ గుర్తు లేకుండా.

అట్టముక్క మీద లెక్క కట్టాడు:
సీపీయూకి నూటయాభై, తెరకి పాతిక,
నెట్ డబ్బాకి పది.
"దీని మీద ఆరొందలని రాసుంటాది. అది నమ్మకండి.
అవి వీయేలు. వాట్లు సూస్తే మూడొందల అరవయ్యే."
గోనెతో కలిపి తూకం చెప్తారన్నమాట.
అది మాకు తెలిసిన లెక్కే.
"పింటరు మాత్రం దీనికి తగిలించొద్దు.
వేడెక్కినప్పుడల్లా ఏనుగు తాగినట్టు తాగుతాది."

ఎంతసేపు ఆగుద్ది?
"పది నిమిషాలు. పన్నెండైతే మీ అదృష్టం."
అంతేనా! మా వీధిలో కోతంటే రెండు గంటలు.
అతను స్క్రూడ్రైవరు చెవిమీద దోపుకుని
"అమ్మా, ఇది పని సేసుకోడానికి కాదు,
ముగించుకోడానికి.
దాసుకుని, మూసుకుని, లేవడానికి" అన్నాడు.

ఇరవైమూడేళ్లు స్పిన్నింగులో
నార ధూళి మింగిన మనిషి
ఒక తెల్లారి ఏ షిఫ్టుకి క్యారేజీతో వెళ్లి
గేటుకి అంటించిన కాగితం చదువుకుని వచ్చాడు.
అన్నం క్యారేజీలోనే ఉంది, వేడిగా.
లోపల ఏ మేకుకో అతని తువ్వాలు,
దూలం సందులో ఇత్తడి గ్లాసు.
ముందు రాత్రి ఎవరైనా ఒక్క కూత కూసి ఉంటే,
పది నిమిషాలు,
గ్లాసైనా తెచ్చుకునేవాడు.

దీనికి కూత ఉంటుందా? అడిగాను.
"ఉంటాది. సెవులు సిల్లులు పడేలాగ.
సికాకనిపిస్తే ఆపేసుకోవచ్చు."
వద్దు, ఉండనీ.

రెండువేల ఐదొందలకి బేరం తెగింది.
బ్యాటరీ మూడేళ్లు రావొచ్చు, రాకపోవచ్చు.
ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే
రామతీర్థం మలుపుకే తొడలు తిమ్మిరెక్కాయి.

నిన్న రాత్రి మళ్లీ పోయింది.
రెండొందల ఆరో పేరు.
పెట్టె అరిచింది.
పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నవాడు
చెంబు వదిలేసి వచ్చాడు,
"ఏటది? ఏటా కూత?"
దాచాను. మూశాను.
ఇంకా ఏడు నిమిషాలు మిగిలే ఉన్నాయి.
ఏం చేసుకోవాలో తెలీలేదు ఇద్దరికీ.

సెల్లు వెలుగులో కాగితం వైపు వంగి
"తరవాత ఎవుడు?" అన్నాడు.
రొంగలి కూర్మయ్య, వీవింగు, డెబ్బైతొమ్మిదిలో చేరాడు.
"ఆడు పోయాడు గదే, మొన్న ఆసాడంలో."
పోతే?
పేరు ఉండాలి కదా, అన్నాను.
పెట్టె అరుస్తూనే ఉంది.