హెయిర్ డ్రయ్యర్

నా బల్ల మీద బోర్డు: కస్టమర్ సర్వీస్.
బల్ల కింద సొరుగులో హెయిర్ డ్రయ్యర్.
జుట్టుకు కాదు.

జపాన్‌లో ఓడెక్కి, ఆపైన రైలెక్కి
ఉలాన్‌బాతర్ తూర్పు కొసన మా యార్డుకి
అద్దాలకు మంచు పట్టిన ప్రియస్‌లు వస్తాయి,
దఫాకి పదో, పదకొండో.
కుడివైపు స్టీరింగు, సీట్లో ఎవరిదో పుదీనా బిళ్ళల వాసన.
డోరు తెరిస్తే పక్క రేకు మీద చిన్న స్టిక్కరు:
ఆయిల్ ఎప్పుడు మార్చారో, మళ్ళీ ఎప్పుడు మార్చాలో,
అప్పటికి బండి ఎంత తిరిగి ఉంటుందో.
ఆ అక్షరాలు నాకు రావు. అంకెలు అందరికీ వచ్చు.
అదే చిక్కు.

వేడిగాలి పట్టి, గోటితో అంచు లేపి,
పుండు మీద పక్కు తీసినట్టు తీస్తాను.
జిగురు మిగిలితే పెట్రోలు గుడ్డ.
మీటరు సంగతి తొమొర్‌హుయాగ్ గారు చూసుకుంటారు,
తలుపేసుకుని, లాప్‌టాప్‌తో, పావుగంటలో.
ఆయన బయటికొచ్చేసరికి బండికి వయసు తగ్గి ఉంటుంది.
నేను అడగను. ఐదో తారీఖున జీతం వస్తుంది.

మొన్న మంగళవారం, మైనస్ ముప్పై రెండు,
దాష్‌జెవెగ్ అనే ఆయన వచ్చాడు.
రైల్వేలో పట్టాలు తనిఖీ చేసి రిటైరైన మనిషి,
సుత్తితో కొట్టి, చప్పుడు విని
బీట ఎక్కడుందో చెప్పే రకం.
మూడు వారాల కిందట మా దగ్గరే కొన్నాడు, వెండి రంగుది.
కేకలేస్తాడని నా వాక్యం సిద్ధం చేసుకున్నాను:
"మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం, రెండు పనిదినాల్లో..."

కేకలు వేయలేదు.
చేతితొడుగు తీసి, కోటు లోపలి జేబులోంచి
ఎండు పెరుగు ముక్క ఒకటి తినమని నా ముందు పెట్టి,
దాని పక్కన
బానెట్ కింద దొరికిన స్టిక్కరు పెట్టాడు.

నేను బానెట్ ఎత్తి చూడలేదు.
ఆ రోజు వేళ్ళు కొంకర్లు పోయాయి.

"అమ్మాయ్, ఒక లెక్క చెప్పు.
లక్షా నలభై ఐదు వేలకి ఆయిల్ మార్చమని ఇందులో ఉంది.
నా మీటరేమో తొంభై రెండు వేలంటోంది.
ఇంకో యాభై మూడు వేలు ఆగమంటావా?"

ఆగి, తనే మళ్ళీ అన్నాడు:
"గుర్రాన్నయితే పెదవెత్తి పళ్ళు చూస్తాం.
మా నాన్న ముప్పై గుర్రాలు కొన్నాడు.
పళ్ళు ఆకురాయితో రాసి అమ్మినవాడు ఒక్కడే తగిలాడు.
వాడి పేరు ఇప్పటికీ మా ఇంట్లో తిట్టు."

నా వాక్యం గొంతుకడ్డం పడింది.

సర్వీస్ షెడ్డులో లువ్సాన్ అడుగు బోల్టు విప్పితే
ఆయిల్ కారలేదు, సాగింది,
తారులా, తెగకుండా.
లువ్సాన్ నా వైపు చూడలేదు, ట్రే వైపే చూశాడు.
చూడకపోవడం కూడా ఒక మాటే.

సర్వీస్ కార్డులో కిలోమీటర్లకి గడి ఒకటే.
మీటరులో ఉన్నదే వేయాలని సార్ హుకుం.
వేశాను.
పెన్ను ఎత్తబోయి, ఎత్తకుండా,
గడి బయట, మార్జిన్‌లో, సన్నగా
రెండో అంకె కూడా వేశాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.
డబ్బు వెనక్కి ఇమ్మనలేదు.
అని ఉంటే ఏం చేసేదాన్నో
నాకిప్పటికీ తెలీదు.
"బ్రేకులు కూడా ఆ బయటి లెక్కనే చూడమను" అన్నాడు.

ఈ ఉదయం కొత్త దఫా. పదకొండు.
పది డోర్లు తెరిచాను: వేడిగాలి, గోరు, గుడ్డ.
పదకొండోది తెరిచి, చూసి,
మూసేశాను.

సార్ అడిగితే
చలికి గోరు విరిగిందని చెప్తాను.
ఇంకా విరగలేదు.
సాయంత్రంలోగా విరగ్గొట్టుకోవాలి.