పేరు లేని ఒంటె

మద్దూరు బడిల తొమ్మిదో తరగతికి
అందరికీ ఒక్కటే కాగితం ఇచ్చిన, ఫోన్ల తెరిచేది.
ఎవరు రాసినా అందరికీ కనబడ్తది.
ఇంటికాడి పనిముట్ల పేర్లు రాయుండ్రి అన్న.

మొదటి రోజు ఆరు మాటలు, ఒక బూతు.
తెల్లారి మాణికేశ్వరి 'గొర్రు' అని రాస్తే
మొగులేష్ కొట్టేసి 'దంతె' అన్నడు.
కొట్లాట మొదలైంది. ఇగ పాఠం నడిచింది.

ఆకుపచ్చ గీత మాణికేశ్వరిది, ఎర్రది మొగులేష్‌ది.
రాత్రి పదింటికి మాత్రం
పేరు లేని ఒంటె ఒకటి వస్తది.
వచ్చినోళ్లెవరో తెల్వకుంటే
తెర అట్లనే చూపిస్తది.

ఒంటె తప్పులు దిద్దుతది.
'మోట'కు ఎదురుంగ రాసింది:
తోలుది. మా తాత కుట్టెటోడు.
తడిస్తే ఇద్దరు మోయాలె.

పక్కన అడిగిన: ఎవరు బిడ్డా?
గీత మినుకుమినుకుమన్నది.
ఒక అక్షరం వచ్చి, చెరిగి, మళ్లొచ్చి

'లింగరాజు సార్. పూణెల ఉన్నం. పదకొండో అంతస్తు.
మేస్త్రి ఫోను, పావుగంటే ఇస్తడు.
హాజరేస్తరా?'

రిజిష్టర్ల వాని పేరు మీద
నవంబర్లనే అడ్డగీత కొట్టింది నేనే.

వాని మాట పక్కన ఇంకో గడి గీసిన.

పొద్దుగాల మొగులేష్ లొల్లి:
సార్, ఒంటె చెప్పింది తప్పు, మోట రేకుది!
రాయి, అన్న.
రాత్రికి జవాబొస్తది.